ఇరుకు వంపులు, పొట్టి వ్యాగన్లు: మోడల్ రైళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 8x4 అడుగుల ప్లైవుడ్ షీటు మీద 18 అంగుళాల వ్యాసార్ధం వంపులతో హెచ్‌ఓ స్కేలు లైను వేశాను. కార్లు మోసే 89 అడుగుల అమెరికన్ ఆటోర్యాక్ వ్యాగన్ ఒకటి అమ్మకానికి దొరికింది. పెట్టె మీద ‘18 అంగుళాల వంపులో నడుస్తుంది’ అని ఉంది. కొనొచ్చా? – ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొనకండి. పెట్టె మీది మాట అబద్ధమని కాదు. ఆ వ్యాగన్ ఒక్కటీ ఆ వంపు తిరగగలదనే దాని అర్థం. ముందూ వెనకా వేరే వ్యాగన్లు తగిలించి లాగినా, వెనక్కి నెట్టినా ఏమవుతుందో పెట్టె చెప్పదు.

మీరు చూడాల్సింది వ్యాగన్ పొడవు. వంపు వ్యాసార్ధం ఆ పొడవుకు మూడు రెట్లుంటే నిశ్చింతగా నడుస్తుంది. రెండున్నర రెట్లుంటే, బండిలో అన్నీ ఇంచుమించు ఒకే పొడవున్నవైతేనే నడుస్తుంది. రెండు రెట్లకు దిగిందంటే ప్రతి వ్యాగన్‌నూ విప్పి సరిచేసుకోవాల్సిందే. 18 అంగుళాలంటే 457 మి.మీ. హెచ్‌ఓలో, అంటే 1:87లో, 40 అడుగుల బాక్స్‌కార్ (మూసిన పెట్టె వ్యాగన్) 140 మి.మీ. వస్తుంది, లెక్క 3.3 రెట్లు. 50 అడుగులది 175 మి.మీ., 2.6 రెట్లు. 60 అడుగులది 210 మి.మీ., 2.2 రెట్లు. మీ ఆటోర్యాక్ 311 మి.మీ., అంటే ఒకటిన్నర రెట్లే.

అసలు చిక్కు ఎక్కడంటే, వ్యాగన్ తిన్నని పెట్టె, పట్టా వంకర. వ్యాగన్ కింద తిరిగే రెండు ట్రక్కుల (చక్రాలు బిగించిన చట్రాల) మధ్య భాగం వంపు లోపలికి జరుగుతుంది, కొసలు బయటికి పొడుచుకొస్తాయి. లోపలికి ఎంత జరుగుతుందో మీరే లెక్కేసుకోవచ్చు: ట్రక్కుల కేంద్రాల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. 40 అడుగుల బాక్స్‌కార్‌కి ఆ దూరం దాదాపు 107 మి.మీ. కాబట్టి లోపలికి 3 మి.మీ., కొసల్లో బయటికి 2 మి.మీ. పైచిలుకు. ఆటోర్యాక్‌కి దాదాపు 231 మి.మీ.; లోపలికి 14 మి.మీ. దాటుతుంది, కొసల్లో బయటికి 12 మి.మీ. దాని ట్రక్కు 14 డిగ్రీలకు పైగా తిరగాలి. 40 అడుగుల దాని ట్రక్కు 7 డిగ్రీలు తిరిగితే చాలు. 14 డిగ్రీలు తిరగాల్సి వస్తే చక్రం అంచు వ్యాగన్ అడుగున మధ్య దూలానికో మెట్లకో రాసుకుని, మరుక్షణం పట్టా తప్పుతుంది.

ఇరుకు వంపుల వాళ్లకు అమెరికన్ గూడ్సులో 1940 నుంచి 1960ల దాకా వాడిన వ్యాగన్లు వరం లాంటివి. 40 అడుగుల బాక్స్‌కార్లు, రెండు తొట్ల 34 అడుగుల బొగ్గు హాపర్లు (119 మి.మీ.), మినసోటా గనుల 24 అడుగుల ఇనుప ఖనిజం వ్యాగన్లు (84 మి.మీ.) ఏ తకరారూ పెట్టవు. ఈ కాలపు బండే కావాలంటే సిమెంటు, ఇసుక మోసే రెండు తొట్ల కవర్డ్ హాపర్లు తీసుకోండి. 53 అడుగుల కంటెయినర్లు మోసే వెల్ కార్ల జోలికి పోవద్దు.

ఇంకో మాట. 8x4 షీటు మీద 22 అంగుళాల (559 మి.మీ.) వంపూ పడుతుంది. పట్టా నడిమి గీత నుంచి షీటు అంచుకు రెండు వైపులా రెండేసి అంగుళాలే మిగులుతాయి కాబట్టి అంచున చిన్న అడ్డుపట్టీ కొట్టాలి. ఆ వంపులో 50 అడుగుల వ్యాగన్లకు 3.2 రెట్లు వస్తాయి. పట్టాలు ఇంకా అతికించకపోతే, వ్యాగన్ల మీద పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

ప్రశ్న: ముందుకు లాగినప్పుడు నా గూడ్సు చక్కగా పోతోంది. వెనక్కి నెడితే మాత్రం వంపులో రెండు మూడు వ్యాగన్లు పడిపోతున్నాయి. పట్టాలన్నీ సరిచూశాను. – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పడిపోయే వ్యాగన్లను తిరగేసి కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) దేనికి బిగించి ఉందో చూడండి. ట్రక్కుకే ఉంటే కారణం అదే. ట్రక్కుకు బిగించిన కప్లర్ వంపుతోపాటు తిరుగుతుంది కాబట్టి లాగేటప్పుడు ఇరుకు వంపులోనూ హాయిగా పోతుంది. అందుకే చవక సెట్లలో అలా పెడతారు. నెట్టేటప్పుడు ఆ బలం మొత్తం ట్రక్కు మీదే పడి దాన్ని అడ్డంగా తిప్పుతుంది. చక్రం అంచు పట్టా ఎక్కేస్తుంది. కప్లర్‌ను వ్యాగన్ అడుగుకే బిగిస్తే బలం వ్యాగన్ మీదుగా పోతుంది, ట్రక్కు తన పని తాను చేసుకుంటుంది.

మార్చేటప్పుడు వరుస తప్పకండి. ముందు ట్రక్కు మీది కప్లర్ కాడను కత్తిరించి, ఆ చోటు నున్నగా అరగదీయండి. తర్వాత కప్లర్ పెట్టెను వ్యాగన్ నడిమి గీత మీద, కొసకు అంటుకునేలా స్క్రూతో బిగించండి. జిగురు ఒక్కటే నిలవదు. 40 అడుగుల వ్యాగన్లకు కేడీ కంపెనీ 148 రకం కప్లర్ చాలు. 50 అడుగులు, ఆపైన వాటికి పొడుగు కాడ ఉన్న కేడీ 146 పెట్టండి. అది పక్కలకు ఎక్కువ ఊగుతుంది. కప్లర్ నడిమి ఎత్తు పట్టా పైతలం నుంచి 9.9 మి.మీ. ఉండాలి. దీన్ని గేజితోనే చూడాలి, కంటి అంచనా కుదరదు. కిందికి దిగితే ట్రక్కు పైన 0.25 మి.మీ. వాషర్ వేయండి. వాషర్ వేశాక ఎత్తు మళ్లీ కొలవండి.

పొడుగు వ్యాగన్ పక్కన పొట్టిది తగిలించకండి. ఇందాకటి లెక్కలో ఆటోర్యాక్ కొస 12 మి.మీ. బయటికి వస్తే, పక్కనున్న 40 అడుగుల దాని కొస 2 మి.మీ. వస్తుంది. ఆ పది మి.మీ. తేడాను ఏ కప్లరూ ఓర్చుకోలేదు; పొట్టి వ్యాగన్‌ను పక్కకు ఈడ్చి పడేస్తుంది. కుడి వంపు అయిన వెంటనే ఎడమ వంపు ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య మీ అత్యంత పొడుగు వ్యాగన్ పట్టేంత తిన్నని పట్టా ఉండి తీరాలి.

ప్రశ్న: మన రైల్వే బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్లు త్రీడీ ప్రింటు చేయించాలనుకుంటున్నా. 18 అంగుళాల వంపులో నడుస్తాయా? – ఓ పాఠకుడు, రామగుండం

జవాబు: మహా చక్కగా నడుస్తాయి. మన గూడ్సు వ్యాగన్లు ఇరుకు వంపులకే పుట్టాయా అనిపిస్తుంది. బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కు 10,713 మి.మీ., ట్రక్కుల కేంద్రాల మధ్య 6,524 మి.మీ. హెచ్‌ఓలో ఇవి 123, 75 మి.మీ. అవుతాయి. 18 అంగుళాల వంపు దానికి 3.7 రెట్లు, నడుమ లోపలికి జరిగేది ఒకటిన్నర మి.మీ.! పైగా దానికి సెంటర్ బఫర్ కప్లర్ తప్ప పక్క బఫర్లు లేవు. పక్క బఫర్లున్న మోడళ్లు ఇరుకు వంపులో ఒకదానికొకటి చిక్కుకుంటాయి, మీకు ఆ గొడవ లేదు. మూత ఉన్న వ్యాగన్లు కావాలంటే పాత బీసీఎన్ 177 మి.మీ. వస్తుంది, అమెరికన్ 50 అడుగుల దానితో సమానం. వాటన్నిటినీ కలిపి ఒకే బండిగా నడపండి. ఎల్‌హెచ్‌బీ ప్రయాణికుల పెట్టెలు మాత్రం 276 మి.మీ.; ఈ వంపులో వాటిని మర్చిపోవాలి.

మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. హెచ్‌ఓలో 19 మి.మీ. పైన పడుతుంది. బజారులో దొరికే పట్టా 16.5 మి.మీ. అందుకని ముందు చక్రాలు కొని, వాటి ఇరుసు పొడవుకు తగ్గట్టు ట్రక్కు గీయించండి. అమెరికన్ తరహా ఇరుసు ఇంచుమించు 26 మి.మీ. ఉంటుంది. ట్రక్కు ముందే ప్రింటు చేస్తే చక్రాలు వదులై ఊగుతాయి, లేదా బిగుసుకుని తిరగవు.

ప్రింటు చేసిన పెట్టె చాలా తేలిక. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్ బరువు ఒక ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. మీ బాక్స్‌ఎన్‌కు దాదాపు 97 గ్రాములు అవుతుంది. సీసం లేదా ఇనుప ముక్కలు రెండు ట్రక్కుల మీద సమంగా పడేలా అడుగున అతికించి, పైన బొగ్గు పొడి పరచండి. ఖాళీ బాక్స్‌ఎన్ చూపించాలంటే బరువు దాచే చోటుండదు. అలాంటివి బండి చివర పెట్టండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో చోటు లేక ఎన్ స్కేలు, కాటో కంపెనీ 249 మి.మీ. వంపులు వేశాను. ఏవి కొనాలి? – ఓ పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: రెట్ల లెక్క అదే. 1:160లో 40 అడుగులది 76 మి.మీ., మీ వంపుకు 3.3 రెట్లు. 50 అడుగులది 95 మి.మీ., 2.6 రెట్లు. 282 మి.మీ. వంపుకు మారగలిగితే 50 అడుగుల వాటికీ మూడు రెట్లు దాదాపుగా వచ్చేస్తాయి. బరువు సిఫారసు ఈ స్కేలులో అర ఔన్సు, దాని మీద అంగుళానికి 0.15 ఔన్సు.

ప్రశ్న: పొడవాటి గూడ్సు వంపులో ఉండగా మధ్యలో వ్యాగన్లు లోపలికి ఒరిగి పడుతున్నాయి. ఎప్పుడూ ఖాళీ ఫ్లాట్‌కార్లే (పక్కగోడలు లేని బల్ల వ్యాగన్లు). – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంజిను ముందుకు లాగుతుంది, వెనకున్న బరువు వెనక్కి పట్టి ఉంచుతుంది. మధ్యలో తేలికైనది ఏదుంటే దాన్ని ఆ రెండూ కలిసి వంపు లోపలికి లాగేస్తాయి. బరువైన హాపర్లు ఇంజిను వెనకే పెట్టి, ఫ్లాట్‌కార్లు చివరికి మార్చండి. చక్రాలు చేత్తో తిప్పి చూడండి. ఒక్క ఇరుసు బిగుసుకున్నా వెనక బ్రేకు పట్టినట్టే. ట్రక్కు స్క్రూలు కూడా చూడండి: ఒక ట్రక్కు పక్కలకు ఊగకుండా తిరిగేంత బిగువుగా, రెండోది కాస్త అటూ ఇటూ ఊగేంత వదులుగా ఉంటే నాలుగు మూలలూ పట్టాను వదలవు. ఇవన్నీ చేశాక కూడా అదే వ్యాగన్ అదే చోట పడితే, ఆ పట్టా కీలును వేలితో తడిమి చూడండి. వంపులో కీలు దగ్గర పట్టా కోణంగా విరిగితే అక్కడ వ్యాసార్ధం మిగతా వంపు కంటే చాలా తగ్గిపోతుంది.