మెనూ కనిపించకపోతే ఉబుంటు పోయినట్టు కాదు, ఫార్మాట్ కొట్టించకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ 11 పక్కనే ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం ఉచిత సిస్టమ్) కూడా వేసుకున్నారు. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే నల్ల మెనూ ఇన్నాళ్లూ వచ్చేది. మొన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక అది రావడం మానేసి, సరాసరి విండోస్‌లోకి వెళ్లిపోతోంది. షాపులో చూపిస్తే "మొత్తం ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నారు. ఉబుంటులో మీ ప్రాజెక్టు ఫైళ్లున్నాయి.

ఫార్మాట్ కొట్టించకండి. ఇది ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం లాంటిది. ఆ మాట నమ్మి ఒకసారి నేను మునిగాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

2015లో ఇంజనీరింగ్ మూడో ఏడాది. నా పాత లాప్‌టాప్‌లో విండోస్ 7, ఉబుంటు 14.04 ఉండేవి. సినిమాలతో డిస్క్ నిండిపోయి, చోటు కోసం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. అక్కడ పేరూ అక్షరమూ లేని ఒక ముక్క కనిపించింది. వాడని చోటు అనుకుని డిలీట్ కొట్టేశాను. అదే ఉబుంటు. లినక్స్ పార్టిషన్‌లోని (డిస్క్‌లో విడదీసిన ముక్కను పార్టిషన్ అంటారు) ఫైళ్లను విండోస్ చదవలేదు కాబట్టి దాన్ని అలా అనామకంగా చూపిస్తుందని అప్పట్లో నాకు తెలియదు. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద "నో సచ్ పార్టిషన్" అని ఒక వరుస, దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఒక వరుస, ఆ పక్కన మినుకుమినుకుమనే గీత. విండోస్ కూడా రాలేదు. షాపుకి తీసుకెళ్తే హార్డ్‌డిస్క్ కరప్ట్ అయిందన్నారు, ఐదొందలు తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి.

ఏడాది తర్వాత తెలిసింది, ఆ రోజు విండోస్‌కి ఏమీ కాలేదని. ఆ తరం కంప్యూటర్లలో డిస్క్ మొదటి 512 బైట్ల సెక్టారులో గ్రబ్ (ఆ నల్ల మెనూ చూపించే ప్రోగ్రాము) తాలూకు చిన్న ముక్క కూర్చుంటుంది. మిగతా గ్రబ్‌లో చాలా భాగం ఉబుంటు పార్టిషన్‌లో ఉంటుంది. నేను రెండోదాన్ని చెరిపేశాను కాబట్టి మొదటిది దిక్కు తోచక అక్కడే నిలబడిపోయింది. విండోస్ డీవీడీతో బూట్ చేసి "బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్" అన్న ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే విండోస్ ఫొటోలతో సహా లేచి కూర్చునేది. (ఆదేశాలను పలికేలా తెలుగులో రాస్తున్నా. టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.)

మీ లాప్‌టాప్ కొత్తది కాబట్టి కథ కొంచెం వేరు. విండోస్ 11తో వచ్చినవన్నీ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అవుతాయి. డిస్క్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒక చిన్న గది ఉంటుంది, మామూలుగా 100 ఎంబీ నుంచి 260 ఎంబీ దాకా. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డరు, ఉబుంటు పేరుతో ఇంకో ఫోల్డరు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని ఫైళ్లు ఇంకోదాని జోలికి పోవు. వీటిలో దేన్ని ముందు పిలవాలో మాత్రం మదర్‌బోర్డులోని చిన్న మెమరీలో రాసి ఉంటుంది. పేర్ల చీటీలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు అనుకోండి. పై చీటీ ఎవరిదైతే వాళ్లే ముందు లేస్తారు. పెద్ద అప్‌డేట్ తర్వాతో, బయోస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) అప్‌డేట్ తర్వాతో, బయోస్ సెట్టింగులు రీసెట్ అయ్యాకో ఆ వరుస మారిపోతుంది. మీకు జరిగింది తొంభై పాళ్లు ఇదే. ఉబుంటు డిస్క్‌లో క్షేమంగానే ఉంటుంది, చీటీ కిందికి పోయిందంతే.

సరిచూసుకోవడం తేలిక. విండోస్‌లో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. అందులో "యూజ్ ఎ డివైస్" అన్నది తెరిస్తే పేర్ల జాబితా ఉంటుంది. అక్కడ ఉబుంటు కనిపిస్తే నొక్కండి, మీ పాత మెనూ వచ్చేస్తుంది. ఆ నీలం తెరలో ఆ మాటే లేకపోతే ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట కొట్టాలి. డెల్, లెనోవోల్లో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసస్ లాప్‌టాప్‌లకు ఎస్కేప్.

ఉబుంటులోకి వెళ్లగలిగితే సగం పని అయిపోయినట్టే. టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) "సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్" కొడితే చీటీలన్నీ నాలుగంకెల నంబర్లతో కనిపిస్తాయి, పైన "బూట్‌ఆర్డర్" అని వరుస ఉంటుంది. అదే ఆదేశం చివర "-ఓ" పెట్టి, ఉబుంటు నంబరు ముందు, విండోస్ నంబరు తర్వాత, మధ్యలో కామా ఇచ్చి ఎంటర్ కొట్టండి. లేదంటే బయోస్‌లోకి వెళ్లి అక్కడే ఉబుంటుని పైకి జరపొచ్చు. కొన్ని లాప్‌టాప్‌లు మాత్రం మొండివి. ఎన్నిసార్లు మార్చినా రీస్టార్ట్ చేయగానే మళ్లీ విండోస్‌నే పైకి తెచ్చుకుంటాయి. వాటితో యుద్ధం చేయకుండా మా తమ్ముడు రోజూ బూట్ మెనూ మీట కొట్టి లోపలికి వెళ్తాడు. మూడేళ్లుగా అలాగే నడిపిస్తున్నాడు, ఏమీ కాలేదు.

బయోస్‌లో ఏదైనా ముట్టుకునే ముందు ఒక్క పని చేయండి. విండోస్ టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "మేనేజ్-బీడీఈ -స్టేటస్" కొట్టి చూడండి. సీ డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందంటే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉన్నట్టే. మేం ఎప్పుడూ ఆన్ చేయలేదే అనకండి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన చాలా కొత్త లాప్‌టాప్‌లలో అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే బయోస్ సెట్టింగు) లాంటిది మార్చగానే అది అనుమానపడి, 48 అంకెల రికవరీ కీ ఇస్తేగానీ విండోస్ తెరవనంటుంది.

నాకిది ఎలా తెలిసిందంటే, మా పిన్ని కూతురు తన లాప్‌టాప్‌లో ఉబుంటు వేసిపెట్టమంది. ఏదో పెద్ద తెలిసినవాడిలా వెళ్లీ వెళ్లగానే సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నీలం తెర, కీ ఇమ్మని. "అన్నయ్యా, రేపు పొద్దున తొమ్మిదికి నా రికార్డు సబ్మిషన్" అంది. ముందే చెప్పొచ్చు కదా. కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది, కానీ ఆ అకౌంటు లాప్‌టాప్ కొన్న రోజున బాబాయి తన ఫోన్ నంబరుతో తెరిచాడు. బాబాయి ఆ రాత్రి గౌతమిలో హైదరాబాద్ వెళ్తున్నాడు, ఫోన్ కలవదు. పదకొండు దాటాక సిగ్నల్ దొరికి ఓటీపీ చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. 48 అంకెలూ పిన్ని చదువుతుంటే నేను కొట్టాను. అప్పటి నుంచి ఎవరి లాప్‌టాప్ పట్టుకున్నా ముందు వాళ్ల అకౌంటులోకి వెళ్లి ఆ కీ కాగితం మీద రాయించాకే మూత తెరుస్తాను. మీరూ రాసుకోండి. ఫొటో తీసి అదే లాప్‌టాప్‌లో దాచుకోకండి.

సరే, జాబితాలో ఉబుంటు పేరే లేదనుకుందాం. అంటే చీటీ చిరిగిపోయింది, ఫోల్డరు ఉండే ఉంటుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ కావాలి. వేరే కంప్యూటర్లో ఉబుంటు ఐసో (ఇన్‌స్టాల్ ఫైలు) దింపి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో బూట్ చేసి, "ట్రై ఉబుంటు" ఎంచుకోండి. "ఇన్‌స్టాల్" జోలికి పోవద్దు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి. రెండోదాంతో వెళ్తే పాత పద్ధతిలో బూట్ అవుతుంది, అప్పుడు ఎంత రిపేరు చేసినా చీటీ రాయడం కుదరదు. అనుమానం ఉంటే "సిస్" ఫోల్డరులోని "ఫర్మ్‌వేర్"లో "ఈఎఫ్ఐ" అనే ఫోల్డరు ఉందేమో చూడండి. ఉంటే సరైన దారిలోనే ఉన్నారు.

ఇక్కణ్నుంచి రెండు దారులు. ఇంటర్నెట్ ఉంటే బూట్ రిపేర్ అనే ఉచిత పనిముట్టు ఎక్కించి "రికమెండెడ్ రిపేర్" నొక్కడం ఒకటి. చాలాసార్లు పనిచేస్తుంది. నాకు మాత్రం చేత్తో చేసుకోవడమే ఇష్టం, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది కాబట్టి. "ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొడితే పార్టిషన్లన్నీ కనిపిస్తాయి. ఎక్స్‌ట్4 అని ఉన్నది మీ ఉబుంటు, వీఫ్యాట్ అని ఉన్న చిన్నది ఈఎఫ్ఐ గది. ఉబుంటుని "ఎంఎన్‌టీ" ఫోల్డరు మీద మౌంట్ చేయాలి (అంటే ఆ ఫోల్డరులో తెరుచుకునేలా తగిలించాలి), ఈఎఫ్ఐ గదిని దాని లోపలి "బూట్/ఈఎఫ్ఐ" మీద. తర్వాత డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను కూడా "మౌంట్ --ఆర్‌బైండ్"తో లోపలికి తెచ్చుకుని, "సీహెచ్‌రూట్"తో మీ ఉబుంటులోకి దిగాలి. లోపలికి వెళ్లాక "గ్రబ్-ఇన్‌స్టాల్", ఆ తర్వాత "అప్‌డేట్-గ్రబ్". అంతే.

అక్కడ ఒక మెలిక ఉంది. మొదటిసారి నేను ఆర్‌బైండ్ బదులు ఉత్త బైండ్ వాడాను. గ్రబ్-ఇన్‌స్టాల్ ఈఎఫ్ఐ వేరియబుల్స్ అందడం లేదని ఒక హెచ్చరిక చూపించి, చివర్లో మాత్రం అంతా సక్రమమే అన్నట్టు ముగించింది. సంబరపడి రీస్టార్ట్ చేస్తే మళ్లీ విండోసే. ఉత్త బైండ్‌తో సిస్ ఫోల్డరు వస్తుంది కానీ దాని లోపల విడిగా మౌంట్ అయి ఉన్న ఈఎఫ్ఐ వేరియబుల్స్ రావు, చీటీలు రాసేది అక్కడే. ఉత్త హెచ్చరికే కదా అని దాటేయడం వల్ల ఒక సాయంత్రం పోయింది.

రిపేరు తర్వాత ఉబుంటు వచ్చి, మెనూలో విండోస్ పేరు మాయమైతే కంగారు పడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డీఫాల్ట్‌గా ఆపేశారు. "ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్" ఫైలు తెరిచి "గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్" అని ఒక వరుస చేర్చి (గ్రబ్ నుంచి ప్రోబర్ దాకా పెద్ద అక్షరాలు, ఫాల్స్ చిన్న అక్షరాలు) మళ్లీ "అప్‌డేట్-గ్రబ్" కొడితే విండోస్ తిరిగొస్తుంది.

మీది అప్‌డేట్ తర్వాతే మొదలైంది కాబట్టి ఇంకో సంగతి. ఉబుంటు పేరు ఎంచుకోగానే "ఎస్‌బ్యాట్", "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అన్న మాటలు కనిపించి ఆగిపోతే దానికి కారణం వేరే. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్, భద్రతా లోపాలున్న పాత లినక్స్ బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా చేసింది. రెండు సిస్టమ్‌లున్న కంప్యూటర్లను అది వదిలేయాలి, కానీ కొన్నిటిని గుర్తుపట్టలేకపోయింది. ఆ సమస్యకి మందు ఇది: కీ రాసుకున్నాక సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, ఉబుంటులోకి వెళ్లి, "సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్" ఇచ్చి, ఇంకోసారి ఉబుంటులోకే బూట్ అయి, ఉబుంటు అప్‌డేట్‌లన్నీ వేసుకుని, అప్పుడు సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయాలి.

ఉబుంటు తిరిగొచ్చాక విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉబుంటు నుంచి డీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు చదవడానికి వస్తాయి, సేవ్ మాత్రం కావు. అడ్మినిస్ట్రేటర్ టెర్మినల్లో "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" కొడితే పోతుంది. దాంతో హైబర్నేట్ కూడా పోతుంది, నాకెప్పుడూ దాని అవసరం రాలేదు.

ఇక విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే బ్యాటరీ మార్చడానికి పరుగెత్తకండి. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాసిపెడుతుంది, విండోస్ దాన్ని మన సమయమే అనుకుని చదువుతుంది. ఉబుంటులో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అంటే రెండూ ఒక మాట మీదికొస్తాయి. నేను మాత్రం ఇది తెలియక రెండు నెలలు రోజూ చేత్తో సరిచేసుకున్నాను.

ముందు ఆ షిఫ్ట్-రీస్టార్ట్ చేసి, జాబితా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఉబుంటు పేరు ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకోండి, పార్టిషన్ పేర్లు చూసి మౌంట్ ఆదేశాలు నేనే రాసిస్తాను.