ఎవరూ పాటించని చట్టం చదివి మా అమ్మాయి ఏం చేస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఉక్రెయిన్, గాజా వార్తలు చూసీ చూసీ, ఇంజినీరింగ్ వద్దు, అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదువుతానంటోంది. అందులోనూ యుద్ధ చట్టాలట. ఐదేళ్ల లా, ఆ తర్వాత యూరప్‌లో ఎల్‌ఎల్‌ఎం చేస్తే ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ముందు ఒక ఆన్‌లైన్ డిప్లొమాలో చేరమంటున్నారు. కోర్టు చెబితే రష్యా ఆగిందా? ఇజ్రాయెల్ ఆగిందా? ఎవరూ లెక్కచేయని చట్టం చదివి ఏం లాభం? డల్లాస్‌లో ఉన్న మా బావమరిది సీఎస్‌ఈ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. లాయర్ పిల్లకు సంబంధాలు రావని ఇంట్లో భయం. లా, సీఎస్‌ఈ రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: అయ్యా, టీవీలో యుద్ధం మొదలైన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న వస్తుంది. దేశాల పేర్లు మారతాయంతే. అడిగేది చట్టం గురించే గానీ, మీ అసలు భయం అది కాదు. పిల్ల మనసుపెట్టి చదివినదానికి బయట విలువ లేదని పాతికేళ్లకు తెలిస్తే కుంగిపోతుందేమో, అప్పటికి మన చేతిలో డబ్బూ ఉండదేమో అన్నది భయం. దానికే జవాబు చెబుతాను. క్లాట్, లాసెట్ లాంటి లా ప్రవేశ పరీక్షల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను.

మీరన్నదాంట్లో నిజముంది. 2022 మార్చి 16న ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, అంటే ఐసీజే, సైనిక చర్య ఆపమని రష్యాను ఆదేశించింది. 13 మంది న్యాయమూర్తులు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. మన దల్వీర్ భండారీ ఆ 13 మందిలో ఒకరు. రష్యా ఆగలేదు. అంతకుముందు 1986లో నికరాగువా కేసులో అమెరికా అదే కోర్టులో ఓడిపోయింది. తీర్పు అమలు చేయాలన్న తీర్మానం భద్రతామండలికి వస్తే వీటో వేసింది. పెద్ద దేశాన్ని చెవి పట్టుకుని కోర్టుకు లాక్కొచ్చే పోలీసు ఎవరూ లేరు.

అయితే మీరు టీవీలో చూడని కాగితం ఒకటుంది. 2022 ఫిబ్రవరి 24న, దాడి మొదలైన రోజే, రష్యా భద్రతామండలికి రాతపూర్వకంగా తెలియజేసింది. మాది ఆత్మరక్షణ, ఐరాస చార్టర్ 51వ అధికరణం కింద చేస్తున్నాం అని. 2003లో ఇరాక్ మీదికి వెళ్లినప్పుడు అమెరికా కూడా భద్రతామండలికి ఉత్తరం రాసింది. 1990, 91 నాటి పాత తీర్మానాలను చూపించి, వాటి కిందే మాకు అధికారం ఉందంది. చాలా దేశాలు ఆ వాదనలను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. కానీ చూడండి, చట్టం మాకు వర్తించదని ఎవరూ అనలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాంగ్ రూట్‌లో వచ్చినవాడు కూడా పోలీసు ఆపితే హాస్పిటల్ ఎమర్జెన్సీ అంటాడే గానీ రూలే లేదనడు. ఇదీ అంతే.

మరి ఆ ఉత్తరం ఎవరు రాశారు? ఏ అధికరణం ఎత్తాలి, ఏది ఎత్తకూడదు, ఇవాళ రాసిన వాక్యం రేపు మన మీదికే తిరిగొస్తుందా అని రాత్రంతా కూర్చుని చూసింది ఎవరు? లాయర్లే. దాన్ని తిప్పికొట్టి పిటిషన్ వేసింది కూడా లాయర్లే. ఉక్రెయిన్ రెండు రోజుల్లో, ఫిబ్రవరి 26న, ఐసీజేలో కేసు వేసింది. చట్టాన్ని పాటించే దేశానికీ లాయర్ కావాలి, ఉల్లంఘించే దేశానికి ఇంకా పెద్ద లాయర్ కావాలి. ఉద్యోగం ఉంటుందా అన్న మీ ప్రశ్నకు ఇదొక జవాబు. వినడానికి బాగుండదని నాకూ తెలుసు.

మన దేశం ఏమీ మినహాయింపు కాదు. 1999 ఆగస్టు 10న కచ్ సరిహద్దులో పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని మన వాయుసేన కూల్చింది. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు. పాకిస్తాన్ ఐసీజేకు వెళ్లింది. అసలు ఈ కేసు వినే అధికారమే మీకు లేదని భారత్ వాదించింది. కామన్వెల్త్ దేశాలతో వచ్చే వివాదాలు ఆ కోర్టు పరిధిలోకి రావని మనం 1974లోనే షరతు పెట్టుకున్నాం. 2000 జూన్ 21న కోర్టు 14–2తో ఆ వాదన ఒప్పుకుంది. విమానాన్ని కూల్చడం తప్పా ఒప్పా అన్నదాకా కేసు వెళ్లనే లేదు. ఆ కేసులో భారత్ తరఫున నియమితుడైన తాత్కాలిక న్యాయమూర్తి ఎవరో తెలుసా? ఇక్కడ మన హైకోర్టులో, తర్వాత సుప్రీంకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

పదిహేడేళ్లు తిరగకుండానే పాత్రలు మారాయి. 2017 మే 8న, పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన మన కుల్‌భూషణ్ జాధవ్ కోసం భారత్ అదే కోర్టు తలుపు తట్టింది. ఈసారి మీకు అధికారం లేదని వాదించింది పాకిస్తాన్. కాన్సులర్ సంబంధాల మీద, అంటే పరాయి దేశంలో అరెస్టయినవాళ్లను వాళ్ల దేశ అధికారులు కలవడం లాంటి వాటి మీద, 1963 నాటి వియన్నా ఒప్పందాన్ని ఆధారం చేసుకుని మనవాళ్లు గట్టెక్కారు. పది రోజుల్లో, మే 18న, ఉరి ఆపమని ఉత్తర్వు వచ్చింది. 2019లో 15–1తో తీర్పూ వచ్చింది. జాధవ్‌ను విడుదల చేయమని కోర్టు అనలేదు, శిక్షను సమీక్షించమంది. కానీ ఉరి ఆగింది. దీన్ని పనికిరాని చట్టం అంటారా, మీరే చెప్పండి.

కాబట్టి మీ అమ్మాయిని అడగాల్సింది చట్టం పనిచేస్తుందా అని కాదు. ఏ పక్షాన కూర్చున్నా తట్టుకోగలవా అని. గాజా పిల్లలను చూసి వచ్చిన ఆవేశంతో చేరిన అమ్మాయి, రేపు ఒక ప్రభుత్వం తరఫున, ఈ దాడి చట్టబద్ధమే అని నోట్ రాయాల్సి రావచ్చు. రాయనంటే ఆ ఉద్యోగం వద్దనుకోవాలి. రెండూ గౌరవమైన దారులే, కానీ ముందే తెలిసి ఉండాలి.

ఇక ఆ కన్సల్టెన్సీ సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను. యూరప్ ఎల్‌ఎల్‌ఎం మీద నాకు నమ్మకం తక్కువ, ముఖ్యంగా ఐదేళ్ల లా అయిన వెంటనే వెళ్లేదాని మీద. ఫీజు, ఏడాది ఖర్చులు కలిపితే ముప్పై లక్షలు దాటడం మామూలు. తర్వాత ఐరాస ఇంటర్న్‌షిప్ అంటారు. అది జీతం లేని పని, జెనీవాలో అద్దె మీరే కట్టాలి. ఐరాసలో మొదటి మెట్టు అనుకునే పోస్టుకు కూడా సాధారణంగా మాస్టర్స్‌తో పాటు పని అనుభవం అడుగుతారు. యుద్ధ నేరాలను విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ఇంకో చిక్కుంది. ఆ కోర్టును పెట్టిన 1998 రోమ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. నియామకాల్లో ఆ కోర్టు సభ్య దేశాల వాళ్లకే ప్రాధాన్యం ఇస్తుంది. హిమాయత్‌నగర్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టి రంగుల బ్రోచర్ చూపించేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. కాదు, బాగానే అర్థమవుతుంది.

అంటే వెళ్లకూడదని కాదు. నాలుగేళ్లు ఇక్కడ పనిచేసి, స్కాలర్‌షిప్‌తో వెళ్లమంటాను. కోర్టులో ఒక వకాల్తా వేయడం, అఫిడవిట్ రాయడం, జడ్జి చేత చీవాట్లు తినడం తెలియని లాయర్‌కు ది హేగ్‌లోనూ ఎవరూ ఫైల్ ఇవ్వరు.

ఇక్కడ ఏముందని మీరడుగుతారు. సైన్యంలో జడ్జ్ అడ్వొకేట్ జనరల్ శాఖ, అంటే సైన్యం సొంత న్యాయ విభాగం, ఉంది. లా డిగ్రీలో 55 శాతం ఉండాలి, క్లాట్ పీజీ స్కోరు చూస్తారు, తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే సైనికాధికారుల ఎంపిక ఇంటర్వ్యూ. రోజువారీ పనిలో ఎక్కువ భాగం కోర్టు మార్షల్, క్రమశిక్షణ కేసులే గానీ, యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలను యూనిఫాంలో ఉండి చదివే చోటు అది. అందులో మగవాళ్లకు ఎక్కువ పోస్టులు కేటాయించడం చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మీ అమ్మాయికి ఇది మంచి సమయం. విదేశాంగ శాఖలో న్యాయ, ఒప్పందాల విభాగం ఉంది. పోస్టులు బహు తక్కువ. అయినా ఆ విభాగానికి చాలాకాలం సారథ్యం వహించిన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు తెలుగువారే. హాంబర్గ్‌లోని సముద్ర చట్టాల ట్రైబ్యునల్‌కు 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడైన పి. చంద్రశేఖరరావు గారూ మన కృష్ణా జిల్లావారే. మనవాళ్లకు అందని ద్రాక్ష ఏమీ కాదు.

అన్నిటికన్నా దగ్గర దారి నానక్‌రామ్‌గూడలో ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. విదేశీ బ్యాంకులు, కన్సల్టింగ్ సంస్థల ఆఫీసుల్లో ఆంక్షల తనిఖీ టీములు ఉంటాయి. స్క్రీన్ మీద ఒక చెల్లింపు ఆగి ఉంటుంది. సరుకు మందులు, తీసుకెళ్లే ఓడ యజమాని పేరు ఏదో ఆంక్షల జాబితాలో ఉన్న పేరును పోలి ఉంది, మూడు నెలల క్రితం ఆ ఓడ ఫలానా రేవులో ఆగింది. మందులకు మినహాయింపు ఉందా? ఐరాస ఆంక్షా, అమెరికా ఆంక్షా? వదలాలా, ఆపాలా? సాయంత్రంలోగా చెప్పాలి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ హూతీల దాడులతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లినప్పుడు, ఆలస్యానికి ఎవరు బాధ్యులు, యుద్ధ ప్రమాద బీమా ఎవరు కట్టాలి అని ఎగుమతిదారులు లాయర్ల దగ్గరికే వెళ్లారు. టీవీలో కనిపించని ఈ పనికి నెలనెలా జీతం వస్తుంది.

సీఎస్‌ఈతో పోలిక అడిగారు. మొదటి మూడేళ్ల జీతంలో సగటున సీఎస్‌ఈదే పైచేయి, అందులో దాపరికం లేదు. నల్సార్ స్థాయి కాలేజీలో సీటొస్తే తేడా పెద్దగా ఉండదు, ఊరూపేరూ లేని లా కాలేజీ అయితే చాలా ఉంటుంది. అంతకుమించి పోల్చడానికి మీరు నాకేమీ ఇవ్వలేదు. మీ ఉత్తరంలో రష్యా ఉంది, డల్లాస్ ఉంది, పెళ్లి సంబంధాలున్నాయి. అమ్మాయికి ఏ సబ్జెక్టులో మార్కులొస్తాయో, ఇంగ్లిష్‌లో యాభై పేజీలు కూర్చుని చదవగలదో లేదో ఒక్క ముక్క లేదు. పదిహేడేళ్ల పిల్లకు పెళ్లి సంబంధాల టెన్షన్ ఇప్పుడు ఎందుకండీ? ఇంజినీరింగ్‌లో బలవంతంగా చేరి, బ్యాక్‌లాగులు పెట్టుకుని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చే పిల్లలను మీరు చూడలేదు, నేను చూస్తున్నాను. లా చదివి ఖాళీగా మిగిలిపోతుందేమోనన్న భయం మాత్రం పెట్టుకోకండి. లా చేతిలో ఉంటే జిల్లా కోర్టు నుంచి కంపెనీ ఆఫీసు దాకా తలుపులు తెరిచే ఉంటాయి. యుద్ధ చట్టం మీద మోజు రేపు తగ్గినా డిగ్రీ వృథా కాదు.

ఆ డిప్లొమాకు డబ్బు కట్టకండి. జెనీవా ఒప్పందాల పూర్తి పాఠం, పరిచయ కోర్సు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పైన చెప్పిన 2000 నాటి తీర్పు కూడా ఐసీజే సైట్‌లో ఉంది. ఈ ఆదివారం దాన్ని ప్రింట్ తీసి అమ్మాయి చేతిలో పెట్టండి. విమానం కూలిన కథ కోసం కాదు, కోర్టుకు అధికారం ఉందా లేదా అని పేజీలకు పేజీలు సాగే పొడి వాదన చదవమనండి. పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ, పాకిస్తాన్ ఇక్కడ ఇలా అనాల్సింది అంటే లా ఫారం నింపండి. నాలుగు పేజీలకే పక్కన పడేస్తే ఆమెకు కావాల్సింది బహుశా జర్నలిజమో, పొలిటికల్ సైన్సో. అప్పుడు మార్కుల మెమోతో సహా మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.