టెక్ సందేహాలు: పాత ఫైలు ఖాళీ చేస్తే టెంప్లేట్ అయిపోదు

ప్రశ్న: మా ఆఫీసు లోగో, రంగులు, ఫాంట్లతో వర్డ్ లెటర్‌హెడ్, పవర్‌పాయింట్ టెంప్లేట్ తయారు చేసి అందరికీ మెయిల్ చేశాను. నెల తిరక్కుండానే ఎవరి ఫైలు వాళ్లదే అన్నట్టు తయారైంది. లోగో జరిగిపోతోంది, రంగులు మారుతున్నాయి, ఒక స్లైడ్‌లో ఒక ఫాంటు ఉంటే పక్క స్లైడ్‌లో ఇంకొకటి. లోపం ఎక్కడుంది?

జవాబు: ఇదే ఫిర్యాదు చాలామంది దగ్గర్నుంచి వస్తోంది కాబట్టి ఈసారి కాస్త వివరంగానే చెబుతాను. మీరు పంపిన ఫైళ్లు చూశాను. అవి టెంప్లేట్లు కావు, మామూలు ఫైళ్లే. ఎప్పుడో పంపిన కొటేషన్ తెరిచి, మ్యాటర్ చెరిపేసి, చివర 'టెంప్లేట్ ఫైనల్' అని పేరు పెట్టి సేవ్ చేశారు. దాన్ని తెరిచిన ప్రతివాళ్లూ అసలు ఫైలు మీదే పనిచేసి, అందులోనే సేవ్ చేసి, అదే పక్కవాళ్లకి పంపిస్తుంటే పాడవకుండా ఎలా ఉంటుంది? సేవ్ యాజ్‌లో ఫైల్ టైప్ దగ్గర టెంప్లేట్ ఎంచుకోండి. వర్డ్‌కి డీఓటీఎక్స్, పవర్‌పాయింట్‌కి పీఓటీఎక్స్. అప్పుడు డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ కొత్త ఫైలు పుడుతుంది, అసలుది చెక్కుచెదరదు. అసలుదాన్నే మార్చాలంటే రైట్ క్లిక్ చేసి ఓపెన్ నొక్కాలి.

ఇక లోపలి సంగతి. మీ లోగో ప్రతి స్లైడ్ మీదా విడివిడిగా అతికించి ఉంది. అది అన్ని స్లైడ్లకీ మూసలాంటి స్లైడ్ మాస్టర్‌లో ఒక్కసారి పెట్టాల్సింది, వర్డ్‌లో అయితే హెడర్‌లో. శీర్షికలన్నీ టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నాయి, లేఅవుట్‌లో, అంటే స్లైడ్ అమరికలో, శీర్షికకీ మ్యాటర్‌కీ ముందే కేటాయించిన గళ్లు, ప్లేస్‌హోల్డర్లు, ఒక్కటీ వాడలేదు. లేఅవుట్ మార్చినప్పుడు ప్లేస్‌హోల్డర్‌లో ఉన్న మాటలు కొత్త చోటికి వాటంతటవే సర్దుకుంటాయి, టెక్స్ట్ బాక్స్ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, ఔట్‌లైన్ వ్యూలో కూడా కనిపించదు. రంగుల విషయానికొస్తే థీమ్‌లో, అంటే ఫైలు మొత్తానికి రంగులు, ఫాంట్లు నిర్ణయించే చోట, 12 గళ్లు ఉంటాయి: ముదురువి రెండు, లేతవి రెండు, యాక్సెంట్లు ఆరు, లింకులకు రెండు. సంస్థ రంగులు అక్కడ నింపాలి. ఐడ్రాపర్‌తో లోగో మీంచి రంగు తీసి ప్రతి గీతకీ చేత్తో పూసుకుంటూ పోతే, రేపు రంగు మారితే ఆ గీతలన్నీ మళ్లీ చేత్తోనే మార్చాలి. ఫాంటు కూడా అంతే, లిస్టులో పేరు వెతికి పెట్టకుండా థీమ్ ఫాంట్లుగా సెట్ చేయండి.

ఇవన్నీ సరిచేసుకోవచ్చు. నాకు నిజంగా భయం వేసింది మీ పవర్‌పాయింట్ ఫైలులో ఏడో లేఅవుట్ చూశాక. అక్కడ తెల్లటి డబ్బా ఒకటి ఉంది. దాన్ని పక్కకి జరిపితే కింద పాత క్లయింటు పేరు, లోగో. నమూనా కోసమని ఉంచిన చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కితే మొత్తం ఎక్సెల్ వర్క్‌బుక్ తెరుచుకుంది, చార్టుకి కావలసిన నాలుగు అంకెలే కాదు, పక్క షీట్లు కూడా. ఒక షీట్లో ఉద్యోగుల జీతాలున్నాయి. ఈ ఫైలు మీ ఆఫీసులో అందరి దగ్గరా ఉంది, దానితో చేసిన ప్రెజెంటేషన్లు బయటివాళ్లకీ వెళ్లాయి. ఎక్సెల్ నుంచి చార్టు పేస్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ వర్క్‌బుక్ ఎంచుకుంటే జరిగేది ఇదే. తెర మీద చార్టు బొమ్మలా కనిపిస్తుంది కాబట్టి లోపల వర్క్‌బుక్ అంతా వచ్చి కూర్చుందని ఎవరికీ తట్టదు. ఇంత పెద్ద విషయాన్ని పేస్ట్ మెనూలో చిన్న ఐకాన్ వెనక దాచిన డిజైన్ మీద నాకు చాలా కోపం ఉంది. లోపలికి ఏం వెళ్తోందో పేస్ట్ చేసే క్షణంలోనే మనిషికి కనిపించేలా చెప్పాలి.

మీ ఫైలులో ఏముందో మీరే చూసుకోవచ్చు. కాపీ ఒకటి తీసి, ఎక్స్‌టెన్షన్‌ని జిప్ అని మార్చి తెరవండి. లోపల పీపీటీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో మీడియా ఫోల్డర్‌లో బొమ్మలన్నీ, ఎంబెడింగ్స్ ఫోల్డర్‌లో దాక్కున్న ఎక్సెల్ ఫైళ్లూ కనిపిస్తాయి. వర్డ్ ఫైలైతే వర్డ్ అనే ఫోల్డర్‌లో ఇవే ఉంటాయి. క్రాప్ చేసిన ఫొటోల్లో కత్తిరించిన భాగం కూడా అక్కడ పదిలంగా ఉంటుంది, కంప్రెస్ పిక్చర్స్‌లో క్రాప్డ్ ఏరియాస్ డిలీట్ చేయమని టిక్ పెడితేనే పోతుంది. ఫైల్ మెనూలో ఇన్ఫో కింద ఉన్న ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్‌తో కామెంట్లు, రచయిత పేరు లాంటివి తీసేయవచ్చు. కానీ ఎంబెడ్ అయిన ఫైళ్లు ఉన్నాయని చూపిస్తుందే తప్ప వాటిని అది తీసేయదు, ఆ పని మీరే చేయాలి. అందుకే నా సలహా, ఈ ఫైలు బాగుచేయకండి. దీన్ని పంచుకోవడం ఈరోజే ఆపించి, కొత్త ఖాళీ ఫైలుతో మొదలుపెట్టండి. ఆ జీతాల షీటు సంగతి మీ పైవాళ్లకి చెప్పండి, అది బయటివాళ్లు కనిపెట్టేలోపే.

ప్రశ్న: ఒక సైట్ నుంచి ఉచిత టెంప్లేట్ దించుకున్నాను. తెరిస్తే మాక్రోలు బ్లాక్ చేశామని వస్తోంది. ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టమని ఆ సైట్‌లోనే రాశారు. పెట్టొచ్చా?

జవాబు: వద్దు. మాక్రో అంటే ఫైలు లోపల ఉండి పనులు చేసే చిన్న ప్రోగ్రాం, లెటర్‌హెడ్‌కీ స్లైడ్లకీ దానితో ఏం పని? ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోల్ని మామూలుగానే ఆపేయడం 2022లో మొదలైంది, చాలా ఆలస్యంగా వచ్చిన మంచి మార్పు అది. ఆ అడ్డు మీ చేతే తీయించాలని చూస్తున్నవాళ్లని ఎందుకు నమ్మాలి? వర్డ్ తెరిచినప్పుడల్లా నార్మల్ అనే టెంప్లేట్ లోడ్ అవుతుంది, హానికర మాక్రో ఒక్కసారి అందులో చేరిందంటే మీరు తెరిచే ప్రతి డాక్యుమెంటూ ప్రమాదంలో పడ్డట్టే. 1999లో మెలిస్సా వైరస్ సరిగ్గా అక్కడే తిష్ఠ వేసి, అడ్రస్ బుక్‌లో మొదటి 50 మందికి తనను తాను మెయిల్ చేసుకుంది. పైగా మాక్రో లేని మామూలు వర్డ్ ఫైలు కూడా ఇంకెక్కడో ఉన్న టెంప్లేట్‌ని తెరవగానే తెచ్చుకునేలా చేయవచ్చు. మీరు దించుకున్నది డిలీట్ చేసేయండి.

ప్రశ్న: టెంప్లేట్‌లో ఇంగ్లిష్ బాగానే వస్తోంది, తెలుగు మాత్రం వేరే ఫాంటులో, చిన్న సైజులో వస్తోంది.

జవాబు: వర్డ్ దృష్టిలో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్, అంటే అక్షరాలు కలిసి రూపం మార్చుకునే లిపి. స్టైల్‌ని మాడిఫై చేసి ఫాంట్ డైలాగ్ తెరిస్తే లాటిన్‌కి (ఇంగ్లిష్ అక్షరాలకి) ఒకటి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కి ఒకటి విడిగా గళ్లుంటాయి. పైదాంట్లో పెట్టిన సైజూ బోల్డూ తెలుగుకి వర్తించవు, కిందది కూడా నింపాలి. ఆ గడి కనిపించకపోతే ఆఫీస్ భాషల్లో తెలుగు చేర్చండి. ఫాంటుని డిఫాల్ట్‌కి మాత్రం వదిలేయొద్దు. 2007 నుంచి ఉన్న కాలిబ్రి స్థానంలో 2023లో ఆప్టోస్ రావడం మొదలయ్యాక, డిఫాల్ట్ మీద ఆధారపడ్డ ఆఫీసుల్లో పాత ఉత్తరాలు ఒక ఫాంటులో, కొత్తవి ఇంకో ఫాంటులో వెళ్తున్నాయి. ఆప్టోస్ లేని పాత వెర్షన్లో తెరిస్తే మరేదో ఫాంటు వచ్చి పేజీలు కూడా జరుగుతాయి. మీరు ఎంచుకున్న ఫాంటు అవతలివాళ్ల దగ్గర ఉండదనుకుంటే ఆప్షన్స్‌లో సేవ్ కింద ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టండి. కొన్ని ఫాంట్ల లైసెన్సు అందుకు ఒప్పుకోదు, అలాంటప్పుడు పీడీఎఫ్ చేసి పంపడమే మేలు.