కథలో జీతమెవరిది, చాకిరీ ఎవరిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పెరంబూరులో మేము కొందరం నెలకొకసారి కలుసుకుని తెలుగు కథలు చదువుకుంటాం. ఈమధ్య ఓ.ఎం.ఆర్. (చెన్నైలో ఐటీ కంపెనీలున్న రోడ్డు) మీది ఒక అపార్ట్‌మెంటులో ఉండే సాఫ్ట్‌వేర్ దంపతుల కథ చదివాం. మా మిత్రులొకరు, "రాసింది మధ్యతరగతి మనిషి, రాసుకున్నది మధ్యతరగతి బాధ, ఇందులో చర్చించడానికేమీ లేదు" అని తేల్చేశారు. వర్గ దృష్టితో సాహిత్యాన్ని చూడడమంటే ఇదేనా?
ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: కాదండీ. మీ మిత్రులు రచయిత చిరునామా చూసి కథను పక్కన పెట్టారు. దానికి సిద్ధాంతం అక్కరలేదు.

ఇంతవరకు నడిచిన సమాజ చరిత్ర అంతా వర్గ పోరాటాల చరిత్రేనని మార్క్స్, ఎంగెల్స్ కలిసి 1848లో కమ్యూనిస్టు ప్రణాళికలో ప్రకటించిన మాట అందరికీ తెలిసిందే. అయితే సమాజంలో వర్గాలున్నాయని కనిపెట్టిన ఘనత తనది కాదనీ, తనకు ముందే చరిత్రకారులు వర్గ పోరాటాలను వర్ణించారనీ మార్క్స్ 1852లో తన మిత్రుడు వైడెమేయర్‌కు రాసిన ఉత్తరంలో స్పష్టంగా చెప్పుకున్నాడు. తాను కొత్తగా చూపినదల్లా, వర్గాలు ఉత్పత్తి చరిత్రలోని నిర్దిష్ట దశలతో ముడిపడి ఉన్నాయనీ, ఆ పోరాటం శ్రామికుల అధికారం మీదుగా వర్గాలు లేని సమాజానికి దారితీస్తుందనీ ఆయన రాశాడు. ఈ రెండో భాగాన్ని మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మొదటి భాగం కథలు చదివేవారికి పనికొస్తుంది. ఎందుకంటే దాని ప్రకారం వర్గమంటే ఆదాయపు మొత్తమో, ఇంటి వైశాల్యమో కాదు. పనిముట్లు, భూమి, పెట్టుబడి ఎవరి చేతిలో ఉన్నాయి, ఒంటి శ్రమను అమ్ముకుంటే తప్ప పూట గడవనిది ఎవరికి, ఆ శ్రమలో మిగిలినది ఎవరి ఖాతాకు చేరుతున్నది అన్న సంబంధం.

ఈ కొలతతో మీరు చదివిన కథకు మళ్ళీ వెళ్ళండి. ఆ దంపతులు కంపెనీలో వాటాదారులు కారు, జీతగాళ్ళు. రేపు ఉద్యోగం పోయిందని ఒక ఈమెయిల్ వస్తే రెండు మూడు నెలల్లో ఇంటి ఈఎంఐ కట్టలేని స్థితికి వస్తారు. అదే దంపతులు తెల్లవారగానే గిన్నెలు తోమడానికి వచ్చే మనిషి దగ్గర యజమానులు. ఆమె సెలవులనూ, జీతంలో కోతలనూ నిర్ణయించేది వాళ్ళే. పగలు తమ గడియలు ఎవరి లెక్కలో పడుతున్నాయో బాగా తెలిసిన మనుషులు, ఇంట్లో మరొకరి గడియలను లెక్కలోకే తీసుకోకపోవడం చిన్న విషయం కాదు, దాని మీదే ఒక నవల నిలబడుతుంది. మీ కథకుడు ఆ రెండు అంచులనూ చూశాడా, ఒకటే చూశాడా? గిన్నెలు తోమే ఆమెకు కథలో పేరుందా, లేక ఆమె రాని రోజున మాత్రమే ఆమె ఉనికి తెలుస్తుందా? దంపతుల మధ్య గొడవకు పుట్టిన స్వభావాలే కారణమని కథ నమ్మిస్తున్నదా, రాత్రి పన్నెండింటికి అమెరికా వాళ్ళతో నడిచే మీటింగు పాత్ర కూడా కొంత ఉన్నదని చూపుతున్నదా? చర్చించడానికేమీ లేదన్నారు గానీ, మీ నెలవారీ సమావేశం ఒకటి సరిపోదు.

ఇక రచయిత పుట్టుక సంగతి. ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ రాచరికాన్ని అభిమానించినవాడు, కులీనుల పతనానికి బాధపడినవాడు. అయినా తాను ప్రేమించిన ఆ కులీనుల మీదే అతని వ్యంగ్యం అత్యంత పదునుగా ఉంటుందనీ, సొంత రాజకీయాభిమానాలకు విరుద్ధంగా అతను వాస్తవాన్ని చూడగలిగాడనీ ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి రాశాడు. అదే ఎంగెల్స్ 1890లో బ్లాఖ్ అనే సోషలిస్టుకు రాసిన ఉత్తరంలో, ఆర్థిక విషయమొక్కటే అన్నింటినీ నిర్ణయిస్తుందనేవారు తమ సిద్ధాంతాన్ని అర్థం లేని మాటగా మార్చేస్తున్నారని విసుక్కున్నాడు. మన తెలుగు విమర్శలో ఈ రెండు ఉత్తరాలనూ ఉదహరించినవారు చాలామందే ఉన్నారు. వాటి ప్రకారం కథలు చదివినవారు మాత్రం కొద్దిమందేనని నా అభిప్రాయం.

ప్రశ్న: మన దేశంలో మనిషి స్థానాన్ని నిర్ణయించేది కులం. ఇక్కడి జీవితానికి వర్గ పోరాటం అనే యూరప్ కొలత పనికొస్తుందా?
ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: ఈ ప్రశ్నకు మన నగరంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. దేశంలోని తొలి కార్మిక సంఘాలలో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ 1918లో పెరంబూరు ప్రాంతపు బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల మధ్యే పుట్టింది. మూడేళ్ళు దాటగానే, 1921లో నెలల తరబడి సాగిన సమ్మెలో అదే కార్మికులు రెండుగా చీలారు. సవర్ణ హిందూ, ముస్లిం కార్మికులు సమ్మెలో నిలిస్తే, ఆది ద్రావిడ (దళిత) కార్మికుల్లో ఎక్కువమంది పనికి వెళ్ళారు. పులియంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నాటి బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ నాయకులు సమ్మెదారుల పక్షం వహించగా, ఆది ద్రావిడుల నాయకుడు ఎం.సి. రాజా వారితో విభేదించి 1923లో ఆ పార్టీని విడిచిపెట్టారు.

ఒకే మిల్లు, ఒకే యజమాని. అయినా పక్క మగ్గం దగ్గరివాడితో మిల్లు గేటు బయట కలిసి కూర్చుని తినని మనిషి, సమ్మె రోజున "మనమంతా ఒకటి" అంటే ఎదుటివాడు ఎందుకు నమ్మాలి? కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లో చెప్పిన మాటకు ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు. కానీ దీన్ని బట్టి వర్గం అనే కొలతనే పారేస్తే ఆ చీలిక వల్ల లాభపడ్డ యాజమాన్యం మన కంటి ముందునుంచి తప్పుకుంటుంది. కులాన్ని వర్గ విశ్లేషణకు చివర అతికించే అనుబంధంగా కాక, ఎవరు ఏ పనిలోకి ఏ కూలికి రాగలరో ముందే తేల్చే ఏర్పాటుగా చూడాలి. అప్పుడు రెండు ప్రశ్నలూ ఒకటవుతాయి.

ఆ సమ్మె జరిగిన మరుసటి ఏడాదే, 1922లో వచ్చి మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" ఈ సంగతిని సిద్ధాంత పరిభాష లేకుండానే పట్టుకుంది. అందులో మాల కుటుంబపు యువకుడు సంగదాసు చనిపోయేది కూలి తగాదాలో, భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు. ఆ చేయి లేచింది కూలి అడిగినందుకా, అడిగినవాడు మాలవాడైనందుకా అని నవలలో విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు. నవల చూపిన పరిష్కారాలు, సంగదాసు తండ్రి రామదాసు వేదాంతమూ, సోదరుడు వెంకటదాసు దోపిడీ దళమూ, నాకు అంత నచ్చవు. కానీ పరిష్కారం నచ్చకపోయినంత మాత్రాన నవల చూపిన సంబంధం అబద్ధమైపోదు.

ప్రశ్న: చెన్నైలో తెలుగువాళ్ళం భాషాపరంగా అల్పసంఖ్యాకులం. మనలో మనకు వర్గాల మాట తేవడం ఐక్యతకు నష్టం కాదా?
ఒక పాఠకుడు, టీ.నగర్, చెన్నై

జవాబు: తేకపోయినా అవి ఉన్నాయి. చెన్నపట్నం తెలుగువారి చరిత్ర అనగానే మన సభల్లో దాతలు, వ్యాపారులు, సినిమా నిర్మాతల పేర్లు వినిపిస్తాయి. తరతరాలుగా ఈ నగరపు వీధులూడ్చి, మురుగు ఎత్తిన కుటుంబాలలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవి ఎన్నో, ఆ వేదికల మీద ఎక్కడా ప్రస్తావనకు రావు. 2025 ఆగస్టులో చెత్త సేకరణను ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని నిరసిస్తూ పారిశుద్ధ్య కార్మికులు నగర కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ భవనం ఎదుట రోజుల తరబడి కూర్చున్నప్పుడు, అది తెలుగువారికి కూడా సంబంధించిన సమస్య అని మనలో ఎందరికి తోచింది?

మీరు తరచు మాట్లాడే బడి భాష సంగతే తీసుకోండి. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం గురించి మన సంఘాలు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. ఆ వినతుల మీద సంతకం చేసేవారిలో చాలామంది తమ పిల్లలను ఇంగ్లీషు మాధ్యమంలో చదివిస్తున్నారు. కార్పొరేషన్ తెలుగు బడి ఒకటి మూతపడితే దారి మారేది కూలివాళ్ళ పిల్లలకు. తెలుగు ఒకరికి గౌరవ విషయం, మరొకరికి బడికి వెళ్ళడమా మానడమా అన్న విషయం. మీరు ఐక్యత కోరుకుంటున్నారు గనుక, ఈసారి వినతిపత్రం రాసే ముందు ఆ బడి పిల్లల తల్లిదండ్రులను కమిటీలోకి పిలిచి, వారికి కావలసినది ఏమిటో వారి నోటనే చెప్పించండి.