మూడు ప్యాకింగులు మార్చినా ఆగని పొగ

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసి వేసుకొనే బ్రిటిష్ కారు) ఒకటి ఉంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే బానెట్ కింద కుట్టుమిషను ఆడుతున్నట్టు టకటకమని శబ్దం వస్తుంది, పది నిమిషాల్లో ఇంజను వేడెక్కాక దాదాపుగా వినిపించదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే సైలెన్సర్ టపటపమని పేలుతుంది. ఏడాదిన్నరలో మూడుసార్లు, ఇంజనుకూ మానిఫోల్డ్‌కూ (ఇంజను రంధ్రాలకు బిగించే గొట్టాల గుత్తి) మధ్య ఉండే ప్యాకింగ్ మార్పించాను. రెండోసారి ఆటోనగర్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ముఖాన్ని గ్రైండింగ్ కూడా చేయించాం, మూడోసారి వేడిని తట్టుకొనే పేస్టు పూసి బిగించారు. అయినా నెలన్నర దాటకముందే శబ్దం తిరిగి వచ్చింది. పైకప్పు వేసుకొని వెళ్తే కాళ్ల దగ్గర పొగ వాసన వస్తోందని పక్క సీటులో కూర్చొనే మా అమ్మాయి అంటోంది. పాత మానిఫోల్డ్ తీసేసి స్టీలు పైపుల హెడర్ వేయించుకోమని మెకానిక్ సలహా ఇస్తున్నారు. అలా చేయమంటారా?
ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయి చెప్పిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అదే. ఎంజీబీలో మానిఫోల్డులు రెండూ ఇంజనుకు ఎడమ పక్కన ఉంటాయి కనుక అక్కడ కారే పొగ ముందుగా చేరేది ఎడమ సీటులో ఉన్నవారి కాళ్ల దగ్గరికే. కార్బ్యురేటర్లతో నడిచే, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఇంత పాత ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఇప్పటి కార్లలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మీకు తెలుస్తున్న వాసన పొగలోని ఇతర పదార్థాలది మాత్రమే. అందువల్ల ఈ లీకు పూర్తిగా ఆగేంతవరకు పైకప్పు మూసి ఎవరినీ ఎక్కించుకోవద్దు, షెడ్డు తలుపులు వేసి ఇంజను నడపవద్దు. పని జరుగుతున్నప్పుడే ఇంజనుకూ లోపలి భాగానికీ మధ్య ఉన్న రేకులో వైర్లు, గొట్టాలు దూరే రంధ్రాల రబ్బరు బుష్‌లను కూడా చూడండి. ఇన్నేళ్ల కారులో వాటిలో ఒకటో రెండో ఊడిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక అసలు జబ్బు విషయానికి వస్తే, హెడర్ కొనవలసిన అవసరం మీకు ఉందని నేను అనుకోవడం లేదు, నాలుగో ప్యాకింగ్ కూడా ఇప్పుడే కొనవద్దు. మీ ఉత్తరంలో నా దృష్టి ఆగిన చోటు రెండోసారి చేయించిన గ్రైండింగ్. అది అవసరమైన పనే, కానీ సగంలో ఆగిపోయింది.

ఈ 1798 సీసీ ఇంజను తలలో గాలి వెళ్లే రంధ్రాలు, పొగ వచ్చే రంధ్రాలు ఒకే పక్కన, ఒకే వరుసలో ఉంటాయి. అల్యూమినియం ఇన్‌లెట్ మానిఫోల్డ్, పోత ఇనుముతో చేసిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కపక్కనే కూర్చుంటాయి. రెండింటికీ ప్యాకింగ్ ఒక్కటే. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మధ్యలో ఉన్న స్టడ్ల (ఇంజను తలకు దిగేసిన మరల కడ్డీలు) మీద వేసే మందమైన పెద్ద వాషర్ సగం ఇన్‌లెట్ బిగింపు అంచు మీద, సగం ఎగ్జాస్ట్ బిగింపు అంచు మీద కూర్చొని, ఒకే నట్టుతో రెండింటినీ కలిపి తొక్కిపెడుతుంది. రెండు అంచుల మందం సమానంగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. వంకర తీయడానికి ఎగ్జాస్ట్ ముఖాన్ని గ్రైండింగ్ చేసినప్పుడు ఎంత లోహం పోయిందో, ఆ అంచు మందం అంత తగ్గుతుంది. ఇన్‌లెట్‌ను ఎవరూ ముట్టుకోలేదు. దానితో వాషర్ బరువంతా అల్యూమినియం అంచు మీదనే పడుతుంది, ఎగ్జాస్ట్ వైపు వాషర్ కింద సన్నని సందు మిగులుతుంది. రెంచి చేతికి నట్టు గట్టిగానే బిగిసినట్టు అనిపిస్తుంది, ఆ బిగువు పొగ రంధ్రాల దగ్గరికి మాత్రం చేరదు. కొత్త ప్యాకింగ్ మెత్తదనం వల్ల కొన్ని వారాలు ఎలాగో నెట్టుకొస్తుంది, ఆ తరువాత అంచు కాలి దారి ఇస్తుంది. వేడెక్కాక శబ్దం తగ్గడం జబ్బు నయమైన గుర్తు కాదు. లోహం వ్యాకోచించి సందును తాత్కాలికంగా మూస్తోంది, అంతే.

దీన్ని ఊహ మీద వదలకుండా కొలిచి చూడండి. రెండు మానిఫోల్డులనూ విప్పి, పాత ప్యాకింగ్‌ను పారేయకుండా వెలుతురులో పరిశీలించండి. లీకైన రంధ్రం చుట్టూ మసి బయటి అంచు వరకు విసనకర్రలా పరుచుకొని ఉంటుంది, గట్టిగా పట్టిన చోట రంధ్రం ఆకారం అచ్చు గుద్దినట్టు శుభ్రంగా ఉంటుంది. ఇలాంటి మానిఫోల్డ్‌ను ఒకసారి నేను మందమైన అద్దపు పలక మీద బోర్లించి చూశాను. రెండు చివర్లు అద్దానికి ఆనుకొని ఉన్నాయి, మధ్య రంధ్రం కింద మాత్రం సందు కొలిచే 0.3 మి.మీ. ఫీలర్ గేజ్ రేకు అడ్డం లేకుండా ఇటు నుంచి అటు జారిపోయింది. ఇంజను మధ్యలోని రెండు సిలిండర్ల పొగ ఆ ఒక్క రంధ్రం గుండానే బయటికి వస్తుంది, కనుక వేడి అక్కడే ఎక్కువ, వంగుడు కూడా అక్కడే ఎక్కువ. మీరు కూడా అద్దం మీద రెండింటినీ చూడండి. 0.1 మి.మీ. రేకు దూరుతోందంటే ఆ ముఖాన్ని మళ్లీ చదును చేయించాలి. తరువాత వెర్నియర్ కాలిపర్‌తో వాషర్ కూర్చొనే చోట ఇన్‌లెట్ అంచు మందాన్ని, ఎగ్జాస్ట్ అంచు మందాన్ని విడివిడిగా కొలిచి, ఒక్కొక్క స్టడ్ పక్కన వచ్చిన అంకెను కాగితం మీద రాసుకోండి. నా అంచనా నిజమైతే ఎగ్జాస్ట్ అంకెలు ప్రతిచోటా తక్కువగా ఉంటాయి.

తేడా తేలాక దాన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. మందంగా ఉన్న ఇన్‌లెట్ అంచును వాషర్ కూర్చొనే పైభాగంలో మాత్రమే, తేడా ఎంతో అంత, మిల్లింగ్ చేయించవచ్చు. లేదా ఆ తేడాకు సరిపడా ఒక సగం ఎత్తుగా, ఒక సగం పల్లంగా ఉండే మెట్టు వాషర్లను స్టీలుతో చేయించవచ్చు. నేనైతే రెండోదే ఎంచుకుంటాను, ఎందుకంటే అసలు భాగాలలో లోహం ఇంకా తరిగిపోదు, రేపు వేరే మానిఫోల్డ్ వేయవలసి వస్తే వాషర్లు మార్చుకుంటే సరిపోతుంది. షాపుకు వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న అంకెల కాగితాన్ని తీసుకువెళ్లండి. పని చేసేవారి చేతికి ఆ అంకెలు అందితే పొరపాటుకు చోటుండదు. అదే సమయంలో పోత ఇనుములో సన్నని పగుళ్లు ఉన్నాయేమో ఎర్రరంగు ద్రావణం చల్లే పరీక్షతో చూపించండి. పగులు కనబడితే మామూలు వెల్డింగ్ రాడ్డుతో అతికించనివ్వకండి, పోత ఇనుమును ముందుగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో అతికి, నెమ్మదిగా చల్లారనివ్వాలి.

స్టడ్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ పాత బ్రిటిష్ కార్ల లీకుల్లో దాని పాత్ర తక్కువేమీ కాదు. ఈ స్టడ్లు 5/16 అంగుళానివి, అంటే 7.94 మి.మీ., అంగుళానికి 24 మరలు. మన దుకాణాల్లో దొరికే 8 మి.మీ. నట్టు దాదాపు అంతే కొలతలో ఉండడం వల్ల చూడడానికి సరిపోయినట్టే ఉంటుంది. మరకూ మరకూ మధ్య దూరం మాత్రం స్టడ్ మీద 1.06 మి.మీ., ఈ నట్టులో 1.25 మి.మీ. అందువల్ల ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. దాన్ని రెంచితో బలవంతంగా తిప్పితే మరలు నలిగి, బిగిసిందన్న భ్రమ మిగులుతుంది. మూడు దఫాల విప్పుళ్లలో ఇలాంటి నట్టు ఒకటి దూరి ఉండవచ్చు, చేత్తో చివరిదాకా తిరగని నట్టును తీసి పక్కన పెట్టండి. ఆరు స్టడ్లూ కొత్తవి వేయించండి. పాతవాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి, రెండు నట్లను ఒకదానికొకటి బిగించి నిదానంగా విప్పాలి. నట్లు ఇత్తడివైతే తుప్పుకు అతుక్కోవు, మన సముద్రపు గాలికి అవే మేలు.

బిగించేటప్పుడు పేస్టు ఏమీ పూయవద్దు. రెండు ముఖాలు చదునుగా ఉన్నప్పుడు దాని అవసరం ఉండదు, లేనప్పుడు అది ఎండి, పగిలి, రాలిపోతుంది. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో సుమారు 20 న్యూటన్ మీటర్ల వరకు చాలు. ఇంకా గట్టిగా లాగితే అల్యూమినియం అంచు చిట్లవచ్చు. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారిన తరువాత, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మరొకసారి అదే బిగువు చూడండి.

మానిఫోల్డ్ బాగుపడినా దాని కింద పైపు చేరే అతుకు దగ్గర లీకు ఉంటే శబ్దం ఇంచుమించు అలాగే వినిపిస్తుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతూ ఉంటుంది, పొగ గొట్టం కారు అడుగుకు వేలాడుతూ ఉంటుంది. మౌంటింగులు కూలబడినా, గొట్టాన్ని లాగిపట్టి బిగించినా ఆ ఊపు బరువంతా ముందున్న అతుకు మీద పడుతుంది. క్లాంపులన్నీ వదులుగా ఉంచి, గొట్టం తనంతట తాను ఏ ఒత్తిడీ లేకుండా కూర్చొన్నాక, ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పని పూర్తయ్యాక చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి, ఒక మనిషి మందపు గుడ్డతో వెనక గొట్టాన్ని రెండు మూడు క్షణాలు మూస్తే, ఎక్కడ సందు ఉన్నా అక్కడ బుసమని వినిపిస్తుంది. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొసను అతుకుల వెంట నడిపిస్తే చోటు ఖచ్చితంగా తెలుస్తుంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపకు కూడా ఎక్కువగా ఈ లీకే మూలం. ఆ క్షణంలో బయటి గాలి సందులో నుంచి లోపలికి పీల్చబడి, కాలకుండా మిగిలిన పెట్రోలుతో కలిసి గొట్టంలో అంటుకుంటుంది. అందుచేత లీకు ఆగకముందు కార్బ్యురేటర్ల మిశ్రమాన్ని ఎవరినీ మార్చనివ్వకండి. పొగ పరీక్ష యంత్రం చూపే అంకెలు కూడా ఆ గాలి కలయిక వల్ల తప్పుగానే వస్తాయి.

హెడర్ విషయంలో మీ మెకానిక్ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కాని దాని అంచు మందం మీ ఇన్‌లెట్‌తో కలవకపోతే ఇదే సమస్య కొత్త ఖర్చుతో మళ్లీ ఎదురవుతుంది. పైగా పలుచని స్టీలు గొట్టాలు పోత ఇనుము కన్నా తొందరగా వంగుతాయి, తుప్పు పడతాయి.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గరి ఇల్లు. మా పాత కారు సైలెన్సర్ రెండు మూడేళ్లకే చిల్లులు పడుతోంది. గొట్టానికి వేడిని ఆపే టేపు చుట్టిస్తే మేలా, స్టెయిన్‌లెస్ స్టీలు వేయిస్తే మేలా?
ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: టేపు వద్దు. ఉప్పుతేమను పీల్చి గొట్టానికి అంటిపెట్టుకొని ఉంటుంది, లోపల తుప్పు సాగుతున్నా కంటికి కనబడదు. స్టెయిన్‌లెస్ వేయించండి, అయితే ఏ రకమో ముందే అడగండి. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం ఇక్కడ పైకి కొద్దిగా గోధుమరంగు మరకలు పడినా ఏళ్ల తరబడి నిలుస్తుంది, మాలిబ్డినం కలిసిన 316 ఉప్పును ఇంకా బాగా ఓర్చుకుంటుంది. చౌకగా దొరికే 409 రకం మన తీరానికి చాలదు.

మీ సైలెన్సర్‌ను తినేస్తున్నది సముద్రపు గాలి ఒక్కటే కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. కారును కూరగాయల మార్కెట్ దాకా తీసుకువెళ్లి వెంటనే ఆపేస్తే, సైలెన్సర్ వేడెక్కక ఆ నీరు లోపలే నిలిచి లోపలి నుంచి తింటుంది. వారానికి ఒకసారైనా బీచ్ రోడ్డు మీదుగా విశాఖ వరకు ఆపకుండా నడిపి రండి, ఆ దూరానికి లోపలి నీరు ఆవిరైపోతుంది. సైలెన్సర్ అడుగున, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట, 3 మి.మీ. రంధ్రం ఒకటి ఉందో లేదో కూడా చూడండి. అది నీరు పోవడానికి తయారీలోనే పెట్టినది, లీకు అనుకొని వెల్డింగ్‌తో మూయించకండి.