ముందు నీళ్లు ఎటు పోతాయో రాయి

పెరంబూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

‘రాత్రికి రాత్రి ఇనుప పలకలు పరిచారు. ఎంత వానకూ చెక్కుచెదరని ఆ రన్‌వే మీద తెల్లారేసరికి విమానం నిశ్శబ్దంగా వాలింది.’ రెండు వాక్యాలు, మూడు అబద్ధాలు! రెండో ప్రపంచయుద్ధం నాటి తాత్కాలిక ఎయిర్‌ఫీల్డ్‌ల మీద నువ్వు రాసిన వ్యాసంలోవి ఇవి. ఆ వ్యాసం మద్రాసు దగ్గరి షోలవరంలో మొదలై బర్మా అడవుల్లోకి పోయింది, పోనీ. తట్టలు మోసిన కూలీల మీద రాసిన పేరా బాగుంది, దాని జోలికి పోకు. మిగతాదాని గురించే ఈ ఉత్తరం.

పలక దగ్గర మొదలుపెడదాం. పొడవు పది అడుగులు, వెడల్పు 15 అంగుళాలు, బరువు 66 పౌన్లు, అంటే సుమారు 30 కిలోలు. బరువు తగ్గడానికి 87 కంతలు. ఒక అంచున కొక్కేలు, ఎదుటి అంచున వాటికి గాడులు. గోడకు ఇటుకల్లాగే అతుకులు ఒకే గీత మీదికి రాకుండా వరస మార్చి పరుస్తారు. 5,000 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు రన్‌వేకి ఇలాంటివి 60,000 కావాలి. బరువు దాదాపు 1,800 టన్నులు. లారీకి మూడు టన్నులు వేసుకున్నా 600 లారీల సరుకు. రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి దించావు?

పలక నేలకు బలం ఇవ్వదు, చక్రం బరువును నాలుగు పక్కలకూ పంచుతుందంతే. కింద నేల మెత్తగా ఉంటే ఏమవుతుందో చూడు. విమానం దిగిన ప్రతిసారీ పలక కిందికి నొక్కుకుంటుంది, కంతల్లోంచి బురద పైకి చిమ్ముతుంది. అలా చిమ్మగా చిమ్మగా పలక అడుగున గుల్ల పడుతుంది. అప్పుడు పలక వంగుతుంది, కొక్కేలు ఊడతాయి, మూల పైకి లేస్తుంది. ఆ మూల తర్వాతి విమానం టైరును కోసేస్తుంది. బాగుచెయ్యాలంటే చెడిన పలక ఒక్కటే ఊడిరాదు, కొక్కేలతో పెనవేసుకుని ఉంటుంది కాబట్టి వరసంతా కదపాలి. తడిమట్టి తవ్విపారేసి, గరుసు పోసి, దిమ్మిస కొట్టి మళ్లీ పరవాలి. ఇక నిశ్శబ్దం మాట. ఆ ఇనుము మీద చక్రాలు దొర్లితే పెళ్లివారింటి అటక మీది ఇత్తడి సామానంతా ఒక్కసారి జారిపడ్డట్టు మోగుతుంది.

అందుకే చెబుతున్నాను. తాత్కాలిక ఎయిర్‌ఫీల్డ్ చరిత్ర నీళ్లతో జరిగిన యుద్ధం. జపాన్‌వాడు తర్వాత. 150 అడుగుల రన్‌వేకి నడిమి నుంచి అంచుకు 75 అడుగులు. నూటికి ఒక అడుగు వాలు పెడితే నడుము అంచు కంటే 9 అంగుళాలు ఎత్తుండాలి. ఆ తొమ్మిది అంగుళాలు తప్పితే మిగతా పనంతా దండగ. వాలు దిగిన నీళ్లకు రెండు పక్కలా కాలవలు, కాలవలకు పల్లంలో ఒక వాగో చెరువో. తూము కట్టకుండా లారీలు కాలవ మీదుగా నడిపితే గట్టు విరిగి పూడిపోతుంది, మొదటి వానకే నీళ్లు వెనక్కి తంతాయి.

మట్టి గురించి కూడా రాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. చెట్టు కొట్టి మొద్దు వదిలేస్తే వేరు కుళ్లి గుంట పడుతుంది. గరుసును ఆరు అంగుళాల మందం పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్ తొక్కించాలి. తడి ఎక్కువైతే మట్టి రోలర్‌కి అంటుకుని లేచొస్తుంది, తక్కువైతే పట్టు రాదు. ఇనుము దొరకని చోట తారు పట్టించిన గోనెపట్టా పరిచారు, బర్మా దారుల్లో చాలా వాడారు. ఎత్తు పక్క పట్టా అంచు పల్లపు పట్టా మీదికి రావాలి. తిరగేసి వేస్తే నీరు సందులోకి దూరి పట్టా ఉబ్బుతుంది, బ్రేకు వేసిన చక్రం దాన్ని చింపేస్తుంది.

ఇవన్నీ రాస్తే ‘అంకెలు తీసెయ్యండి, పాఠకుడు పారిపోతాడు’ అనే సంపాదకులు ఉంటారు. రెక్కల మీద వెన్నెల గురించి నాలుగు పేరాలు మాత్రం కళ్లకద్దుకుని అచ్చేస్తారు. ఇప్పుడు పైలట్ ప్రేమలేఖల మోజు ఒకటి! నువ్వు లొంగకు.

రాత్రికి రాత్రి కథే కావాలంటే బ్రాడ్‌వే గురించి రాయి. 1944 మార్చి 5 రాత్రి చిండిట్లు, అంటే జపాన్ సేనల వెనక చొరబడి పోరాడిన బ్రిటిష్ దళాల గ్లైడర్లు (ఇంజను లేని విమానాలు) బర్మా అడవి మధ్య ఆ పేరు పెట్టుకున్న బయలులో దిగాయి. దుంగలు ఈడ్చిన చాళ్లు గడ్డి కింద దాగి ఉండి చాలా గ్లైడర్లను విరగ్గొట్టాయి. గ్లైడర్లలోనే తెచ్చిన బుల్డోజర్‌తో నేల గీకి చదును చేస్తే మర్నాటి రాత్రికి డకోటా రవాణా విమానాలు దిగాయి. ఒక్క ఇనుప పలక లేదు. ఎండాకాలం కాబట్టి సాగింది, మే నెలలో ఆ చోటు వదిలేశారు.

నువ్వు ఉండేది రెడ్‌హిల్స్‌లో, రాసిందేమో అడవుల గురించి! మీ చెరువు మీదే కాటలీనాలు దిగేవి. రన్‌వే అక్కర్లేని ఆ పడవ విమానాల గురించి ఒక్క ముక్కా లేదేం?

ఏ పత్రికకు పంపాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్నవాటికి ఇప్పుడు జవాబు చెప్పను. తారీఖులు మాత్రం దిద్దుకో. 1942 ఏప్రిల్ 6న బాంబులు పడింది విశాఖపట్నం, కాకినాడల మీద. ఆ నెలలో మద్రాసు భయంతో ఖాళీ అయింది, అంతే. ఇక్కడ జపాన్ విమానం బాంబు వేసింది 1943 అక్టోబరులో. నువ్వు రెండూ ఒకే రాత్రిలో కలిపేశావు.