మీ ప్రశ్న – మా జవాబు: సైక్లోక్రాస్‌లో దమ్ము ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: గంటసేపు సాగే రేసులో మొదటి నిమిషమే అందరూ చావో రేవో అన్నట్టు తొక్కుతారేం? మారథాన్‌లో ఇలా పరిగెత్తితే మధ్యలోనే కూలబడతారు కదా? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

మారథాన్‌లో వెనకబడినా దాటుకుని వెళ్లడానికి రోడ్డంతా ఉంటుంది. సైక్లోక్రాస్ అంటే బురద, ఇసుక, అడ్డంకులున్న చుట్టుదారిని పదేపదే తొక్కే సైకిల్ రేసు; ఒక్కో చుట్టు ఒక ల్యాపు. ఆ దారి కనీస వెడల్పు 3 మీటర్లు. బురద పడితే ఆ మూడింటిలోనూ తొక్కదగ్గ గాడి ఒక్కటే మిగులుతుంది. మొదలుపెట్టే చోటు మాత్రం వెడల్పాటి గట్టి రోడ్డు. అక్కడి నుంచి మొదటి మలుపులోకి గుంపంతా గరాటులో పోసినట్టు దూరాలి.

ముందున్నవాడు మలుపులో కాస్త వేగం తగ్గించి సాఫీగా తిరిగిపోతాడు. అతని వెనక ఇరవయ్యో వాడు మాత్రం పూర్తిగా బ్రేకు పట్టాలి, ఒక్కోసారి కాలు కింద పెట్టాలి, మళ్లీ నిలబడి తొక్కి ఊపు తెచ్చుకోవాలి. మలుపుకు ఒక్క సెకను పోయిందనుకున్నా, 25 మలుపులున్న ల్యాపులో 25 సెకన్లు పోయినట్టే. పైగా ముందువాడి కంటే ఎక్కువ కష్టపడి మరీ పోగొట్టుకోవడం! అందుకే మొదటి 20, 30 సెకన్లు పూర్తి బలంతో తొక్కడం దుబారా కాదు, స్థానం కొనుక్కోవడం. ముందు వరుసలో 8 మందికే చోటు, అదీ ర్యాంకింగ్‌ను బట్టి. సీజనంతా పాయింట్ల కోసం పాకులాడేది ఇందుకే.

అసలు తప్పు జరిగేది ఆ తర్వాత. స్థానం దొరికాక కూడా అదే జోరు కొనసాగిస్తే రెండో ల్యాపు చివరికి కాళ్లు బిగుసుకుపోతాయి. తెలిసినవాళ్లు మొదటి ఇరుకు దాటగానే ఊపిరి చూసుకుంటారు. పల్లాల్లో పెడల్ ఆపేస్తారు, మలుపుల్లో భుజాలు వదులు చేస్తారు. ఆటలో విశ్రాంతి దొరికేది ఆ 2, 3 సెకన్ల ముక్కల్లోనే. 2022లో అమెరికాలోని ఫేయెట్‌విల్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్ ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా తొలి ల్యాపుల్లో ముందు గుంపులో ఓపిక పట్టి, తర్వాత ఒంటరిగా విడిపోయే.

ప్రశ్న: ఎన్ని ల్యాపులో ముందే ఎందుకు చెప్పరు? అది తెలియకుండా బలాన్ని ఎలా పంచుకుంటారు? – హైదరాబాద్ పాఠకురాలు

ఇక్కడ కొలిచేది దూరాన్ని కాదు, సమయాన్ని. అగ్రశ్రేణి పురుషులకు సుమారు 60 నిమిషాలు, మహిళలకు 50. ముందున్నవారు రెండు ల్యాపులు పూర్తిచేయడానికి పట్టిన సమయాన్ని చూసి మొత్తం ఎన్నో తేలుస్తారు. 3 కిలోమీటర్ల ల్యాపును గంటకు 25 కి.మీ. వేగంతో తొక్కితే 7 నిమిషాల 12 సెకన్లు పడుతుంది. అంటే 8 ల్యాపులు. ఈ లెక్క రైడర్లు దారి చూసుకునేటప్పుడే వేసుకుంటారు. రేసు మధ్యలో వాన పడి ల్యాపు బరువెక్కినా అప్పటికే ప్రకటించిన సంఖ్య మారదు. వాన వస్తుందనిపిస్తే కాస్త బలం దాచుకోవడం మేలు.

ప్రశ్న: కాక్సైడ్ ఇసుకలో కొందరు సాఫీగా వెళ్లిపోతారు, కొందరు దిగి పరిగెత్తుతారు. ఏది సరైనది? – విశాఖ పాఠకుడు

రెండూ సరైనవే, ఎప్పుడు ఏది అన్నదే తెలియాలి. బెల్జియం తీరంలోని కాక్సైడ్ దిబ్బల్లోనైనా, జోన్‌హోవెన్ ఇసుక గుంటలోనైనా గెలుపు ఇసుకలోకి దిగే వేగంతోనే మొదలవుతుంది. ముందే ఒక బరువైన గేరు వేసుకోవాలి. తేలిక గేరులో కాళ్లు గిరగిరా తిరుగుతాయి గానీ వెనక చక్రం అక్కడికక్కడే గోతిని తవ్వుకుంటుంది. బరువు కాస్త వెనక్కి, చేతులు వదులుగా ఉండాలి. ముందు చక్రాన్ని గాడి తనంతట తానే నడిపిస్తుంది, దాన్ని హ్యాండిల్‌తో సరిదిద్దబోయారా, అడ్డం తిరిగి పడేస్తుంది. ఎడమకు ఒరిగితే నడుముతో సర్దుకోవాలి.

వేగం నడక స్థాయికి పడిపోయే ముందే దిగాలి. పూర్తిగా ఆగాక దిగినవాడు నిలబడ్డ చోటి నుంచి పరుగు అందుకోవాలి, ఈలోగా కదులుతూ దిగినవాడు నాలుగు అంగలు ముందుంటాడు. ముందున్నవాడు తడబడేవాడైతే మరీ అంటుకుని వెళ్లకండి, అతను ఆగితే మీ గాడి కూడా మూసుకుపోతుంది.

ప్రశ్న: దారికి అడ్డంగా పెట్టే చెక్క పలకల మీద సైకిల్‌తో సహా ఎగరడం ప్రేక్షకుల కోసమా, నిజంగా లాభమా? – నెల్లూరు పాఠకుడు

నిజంగా లాభమే. పలకల ఎత్తు 40 సెం.మీ. వరకు, రెంటి మధ్య దూరం సుమారు 4 మీటర్లు. గంటకు 18 కి.మీ. వేగంతో వస్తే ఆ 4 మీటర్లు 0.8 సెకన్లలో అయిపోతాయి. మొదటి పలక దాటి ముందు చక్రం నేల తాకి, వెనక చక్రం దిగి, మోకాళ్లు మళ్లీ ముడుచుకుని, చక్రం మళ్లీ లేవాలి, అన్నీ ఆ వ్యవధిలోనే. దిగి పరిగెత్తేవాడికి పోయేది పలకల దగ్గర కాదు, మళ్లీ ఎక్కి పెడల్‌లో కాలు బిగించి వేగం అందుకునే దగ్గర.

అయితే అలసట పెరిగేకొద్దీ వెనక చక్రం ఎత్తు తగ్గుతుంది. చివరి ల్యాపుల్లో ఎక్కువగా పలకకు తగిలేది అదే. ఎగరడం రానివారు ఎగరగలిగేవారి కంటే ముందుగా పలకల్లోకి వెళ్లాలి. పక్కనుంచి ఎగిరి దాటడానికి చోటుంటే తప్ప, వెనకవారికి ఆ లాభం దక్కదు.

చివరి మలుపుకూ ఇదే సూత్రం. 2023లో హోహర్‌హైడె ప్రపంచ పోటీలో నెదర్లాండ్స్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పోల్, బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్ చివరిదాకా కలిసే వచ్చారు. వాన్ డెర్ పోల్ చివరి మలుపు నుంచి ముందుగా బయటపడి వెంటనే స్ప్రింట్ మొదలుపెట్టాడు. వాన్ ఆర్ట్‌కు దాటే వీలు చిక్కలేదు. గంట తొక్కిన కాళ్లతో ఆ కొద్ది దూరంలో ఒక సైకిల్ పొడవు పూడ్చడం ఎంతటివారికైనా గగనమే.

ప్రశ్న: నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటాం, దగ్గరి రేసులకు వెళ్తుంటాం. బురదలో కొందరు ల్యాపుకు రెండుసార్లు సైకిల్ మారుస్తారు. టైర్లలో గాలి ఎంత పెడతారు?

పిట్‌ను, అంటే సైకిల్ మార్చుకునే చోటును, దారి రెండుసార్లు తగిలేలా కడతారు, కాబట్టి ల్యాపుకు రెండు అవకాశాలు. సైకిల్ అందుకోగానే మెకానిక్ ప్రెషర్ వాషర్‌తో కడిగి, గొలుసుకు నూనె పెట్టి, తేలిక గేరులో ఉంచి సగం ల్యాపు తిరిగేలోగా సిద్ధం చేయాలి. పిట్ దారిలోకి వెళ్తే సైకిలో, చక్రమో మార్చాల్సిందే, అడ్డదారిగా వాడుకోకూడదు.

నీళ్లలా పలచటి బురద కంటే ఆరుతున్న బురద ప్రమాదం. మన నల్లరేగడిలో సైకిల్ నడిపినవారికి తెలుసు: పలచగా ఉన్నంతసేపు జారిపోతుంది, ఆరడం మొదలవగానే గడ్డితో కలిసి ఫ్రేముకు, చక్రానికి మధ్య ముద్దగా బిగుసుకుంటుంది. పక్కవాడు పిట్‌లోకి తిరిగిన క్షణంలోనే మీరు ఆగకుండా జోరు పెంచితే, అతను మార్పులో పోగొట్టుకున్న సెకన్లకు మీ దూకుడు తోడవుతుంది. కాకపోతే మీ సైకిల్ ఇంకో సగం ల్యాపు పనిచేసే స్థితిలో ఉండాలి.

గాలి సంగతి: అంతర్జాతీయ నియమం ప్రకారం టైరు వెడల్పు 33 మి.మీ. మించకూడదు. 65–70 కిలోల మనిషికి, రిమ్ముకు అంటించే ట్యూబులర్ టైరులో, గట్టి నేలకు 24–26 పీఎస్ఐ, బురదకు 18–20, ఇసుకకు 15–17 నుంచి మొదలుపెట్టి చూసుకోవాలి. మలుపులో టైరు పక్కకు ముడుచుకుంటున్నట్టు అనిపిస్తే ఒక పీఎస్ఐ పెంచండి. ల్యాపులో ఒకటి రెండుసార్లు రిమ్ము నేలకు మెల్లగా తగలడం ఫరవాలేదు, ప్రతి వేరు మీదా తగులుతుంటే పంక్చర్ ఖాయం. 2017లో లక్సెంబర్గ్‌లోని బీలెస్‌లో వాన్ డెర్ పోల్ ప్రపంచ టైటిల్‌ను పంక్చర్లకే వదులుకున్నాడు, గెలిచింది వాన్ ఆర్ట్.

ప్రశ్న: వెనకబడ్డవారిని మధ్యలోనే ఎందుకు ఆపేస్తారు? – ఖమ్మం పాఠకుడు

ముందున్నవారు వారిని చుట్టేసి దాటాల్సి రాకూడదని. మొదటి ల్యాపును అగ్రగామి ఎంతసేపట్లో ముగించాడో, అందులో 80 శాతం కంటే ఎక్కువ వెనకబడితే బయటికి పిలుస్తారు. పైన చెప్పిన 7 నిమిషాల 12 సెకన్ల ల్యాపులో ఆ గీత 5 నిమిషాల 46 సెకన్ల దగ్గర పడుతుంది. ఆపినా వారి స్థానం ఫలితాల్లో నమోదవుతుంది.